భీమిలి దారిలో రెండు రకాల నిక్కర్లు

విశాఖపట్నం నుంచి భీమిలికి సముద్రం ఒడ్డు వెంబడే ఒక రోడ్డు ఉన్నది కదా, అది కారులో వెళ్ళేవాళ్ళకి ఒక రోడ్డు, సైకిలు మీద వెళ్ళేవాళ్ళకి మరొక రోడ్డు. కారులోవాళ్ళకి సముద్రం కనిపిస్తుంది, కొండలు కనిపిస్తాయి. సైకిలు మీదివాళ్ళకి ఇవన్నీ కనిపిస్తూనే, అడుగున ఉన్న సీటు కూడా అనుక్షణం జ్ఞాపకం వస్తూ ఉంటుంది. రామకృష్ణా బీచి దగ్గరనుంచి భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్లు. రానూ పోనూ 60. అరవై కిలోమీటర్లు అరచెయ్యంత సీటు మీద కూర్చోవాలంటే మనిషికీ సీటుకీ మధ్య ఏ గుడ్డ ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు. అంచేత ఈ వ్యాసంలో సముద్రం ఎంత ఉంటుందో నిక్కర్లూ అంతే ఉంటాయి. పాఠకులు ముక్కు విరవకుండా చదవాలని మనవి.

మా తమ్ముడికి సైకిలంటే ప్రాణం. ఈమధ్య శివరాత్రి వెళ్ళాక ఒక ఆదివారం మావారినీ నన్నూ భీమిలి తీసుకు వెళ్తానని బయలుదేరదీశాడు. ముందురోజు సాయంత్రం ఒక సంచీ తెచ్చి, హాల్లో చాప మీద రెండు రకాల నిక్కర్లు పరిచాడు. రెండూ నల్లనివే, రెండూ ఒంటికి అతుక్కునేవే, రెండింటికీ లోపల కూర్చునేచోట మెత్తటి ప్యాడ్ కుట్టి ఉంది. తేడా అంతా నడుము దగ్గరే. ఒకదానికి మామూలుగా నడుముకి పట్టే ఎలాస్టిక్ ఉంది. రెండోదానికి నడుము పట్టీయే లేదు. పొట్టమీదుగా పైకి సాగి, రెండు పట్టీలై భుజాలమీదికి ఎక్కి, వీపు వెనక కలుసుకుంటుంది. దీన్ని బిబ్ షార్ట్స్ అంటారట.

"బిబ్ అంటే పసిపిల్లల చొంగ కారకుండా మెడకి కట్టే గుడ్డ కాదుట్రా?" అన్నాను.

"అదే మాట అక్కా. ఎదమీదికి వస్తుందని ఆ పేరు," అన్నాడు.

మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఆ ప్యాడ్‌ని రెండువేళ్ళతో నొక్కి చూశారు. "పైన చొంగగుడ్డ, కింద పక్కగుడ్డ. మొత్తానికి చంటివాడి సరంజామా అంతా ఒక్కచోటే చేర్చారు," అని తీర్పు చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

అత్తగారి హాస్యం అలా ఉండనిచ్చి, ఈ బట్ట పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి. ఫ్రాన్సు దేశాన్ని సైకిలు మీద చుట్టివచ్చే ప్రసిద్ధమైన పందెం 1903లో మొదలైంది. ఆ రోజుల్లోనూ, తరవాత చాలా ఏళ్ళపాటూ, పందెగాళ్ళు ఉన్ని నిక్కర్లు వేసుకునేవారు. ఉన్ని తడిస్తే బరువెక్కి కిందికి జారుతుంది. లోపల ఒరుసుకోకుండా మేకజాతి జంతువు తోలు కుట్టేవారు. ఐరోపా కొండల్లో తిరిగే ఆ జంతువు పేరు షామీ. ఉతికి ఆరేస్తే ఆ తోలు అప్పడంలా బిరుసెక్కేది. మళ్ళీ మెత్తపడడానికి దానికి లేపనం పూసేవారు. ఇప్పుడు తోలు పోయి నురుగు దిండు వచ్చింది కాని, దుకాణాల్లో ప్యాడ్‌ని ఇంకా షామీ అనే పిలుస్తున్నారు. వస్తువు పోయినా మాట మిగలడం భాషల్లో మామూలే. ఇక ఒంటికి అతుక్కునే బట్ట సంగతి: 1958లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షివర్స్, రబ్బరులా సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే దారం తయారుచేశాడు. దాని పేరే లైక్రా. అది సైకిలు నిక్కర్లలోకి వచ్చాక ఉన్నికి సెలవు దొరికింది.

రెండు రకాలకీ సామాన్యమైన నియమం ఒకటుంది. దీని లోపల మరే లోదుస్తూ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లే చర్మాన్ని కోసేవి. ప్యాడ్ చర్మానికి ఆనుకుని, కదలకుండా ఉంటేనే ఒరుపు ఉండదు, చెమట నిలవదు. ఇంటికి రాగానే ఉతికి నీడన ఆరెయ్యాలి. ఉతక్కుండా రెండోసారి వేసుకుంటే కురుపులు లేస్తాయి.

మావారు మారుమాట లేకుండా పట్టీల నిక్కరు తీసుకున్నారు. కారణం ఆయన చెప్పలేదు కాని, అందరికీ కనిపిస్తూనే ఉంది. సైకిలు మీద ముందుకి వంగినప్పుడు నడుము పట్టీ సరిగ్గా పొట్ట మడతలోకి దిగి కోస్తుంది. పట్టీల నిక్కరుకి ఆ బాధ లేదు. నడుముని ఏదీ పట్టదు. బరువంతా భుజాలు మోస్తాయి. వెనక చొక్కా పైకి జరిగినా వీపు బయటపడదు. ప్యాడ్ కూడా ఉన్నచోటనే ఉంటుంది. వేసుకుని నిటారుగా నిలబడితే భుజాలు లాగినట్టుంటుంది. అది చూసి కురచైందని కంగారుపడనక్కరలేదు, వంగితే సరిపోతుందని మా తమ్ముడు చెప్పాడు. మావారు అద్దం ముందు వంగి చూసుకుని తృప్తిపడ్డారు.

"నువ్వూ ఇదే తీసుకో అక్కా. ఒకసారి అలవాటైతే మళ్ళీ రెండోది ముట్టవు," అన్నాడు తమ్ముడు.

"బాగానే ఉందిరా. దారిలో అవసరమైతే ఇది విప్పడం ఎలా?" అని అడిగాను.

వాడు కొంచెం తడుముకున్నాడు. పైచొక్కా తియ్యాలి, పట్టీలు దింపాలి, తరవాత మళ్ళీ అన్నీ ఎక్కించుకోవాలి. మగవాళ్ళకి ముందుభాగం కిందికి లాగితే పని జరిగిపోతుంది. వాడి కెప్పుడూ ఈ ప్రశ్న రానేలేదు. "మూడు గంటల ప్రయాణమేగా, సర్దుకుపోవచ్చు" అన్నాడు.

ఈ "సర్దుకుపోవడం" అనే మాటకి అర్థం మన ఆడవాళ్ళకి ఎవరూ నిఘంటువు తీసి చెప్పనక్కరలేదు. ప్రయాణమంటే రాత్రి నుంచే నీళ్ళు మానెయ్యడం. రైలైనా, బస్సైనా, పెళ్ళివారి వ్యానైనా అంతే. కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళకే అది మంచిది కాదు. చెమటలు కక్కుతూ సైకిలు తొక్కేవాళ్ళకి అది ప్రమాదం. ఈ సముద్రపు గాలిలో ఒంటినుంచి నీరు ఎంత పోతుందో తొక్కినవాళ్ళకే తెలుసు. నీళ్ళు చాలకపోతే పిక్కలు పడతాయి, తల తిరుగుతుంది. రోడ్డు మీద తల తిరిగితే పక్కనే లారీ. అంచేత నేను ఒక నిశ్చయానికి వచ్చాను. నీళ్ళు తాగనివ్వని బట్ట నాకు వద్దు. నడుముకి ఎలాస్టిక్ ఉన్న నిక్కరే తీసుకుని, పైన మోకాళ్ళు దిగే వదులు లాగూ, పొడుగు చొక్కా వేసుకున్నాను. హేండిలు దగ్గర ఒకటి కాక రెండు నీళ్ళ సీసాలు పెట్టించాను.

తెల్లవారుజామున అయిదున్నరకి కుర్సురా జలాంతర్గామి దగ్గర బయలుదేరాం. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ ఓడ, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా కూర్చుంది. ఎదురుగా సముద్రం మీద ఇంకా బూడిదరంగు వెలుగే. తెన్నేటి పార్కు దాటాక కైలాసగిరి పాదాల దగ్గర రోడ్డు లేచి దిగుతుంది. అక్కడే మావారి పట్టీలకి మొదటి పరీక్ష. మెట్టకి వంగి తొక్కుతూ, "పొట్ట ఉందన్న సంగతే తెలియడం లేదోయ్" అన్నారు. చూసేవాళ్ళకి తెలుస్తూనే ఉందని నేను అనలేదు.

జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ దాటి రుషికొండ చేరేసరికి ఎండ కన్ను తెరిచింది. నా మొదటి సీసా ఖాళీ అయింది. మావారు చొక్కా గుండీలు విప్పారు. పట్టీల నిక్కరుకి ఒంటిమీద మరో పొర ఉంటుంది. అది జల్లెడలాంటి గుడ్డైనా సరే, మన ఫాల్గుణమాసపు ఉక్కలో ఆ పొర లెక్కకి వస్తుంది. వీపంతా పట్టీల ఆకారంలో తడిసిపోయింది.

రుషికొండ తరవాత ఎడమవైపు తొట్లకొండ. 1976లో నౌకాదళం వారు సర్వే చేస్తున్నప్పుడు ఈ కొండమీద బౌద్ధారామం జాడ బయటపడింది. రెండువేల ఏళ్ళ కిందట భిక్షువులు ఇక్కడ ఉండి, వాననీరు నిలవచెయ్యడానికి రాతిలో తొట్లు తొలిచారు. ఆ తొట్లవల్లనే కొండకి ఆ పేరు వచ్చింది. సర్వసంగ పరిత్యాగులు కూడా కొండెక్కగానే మొదట నీళ్ళ సంగతి చూసుకున్నారన్నమాట. నేను రెండో సీసా మూత తీశాను.

అప్పటికి నాకు ఆగవలసిన అవసరం వచ్చింది. దారిలో ఒకచోట మరుగుదొడ్డి కనిపించింది కాని, దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేవాళ్ళు లేరు. మరి కొంతదూరం వెళ్ళాక, ఒక పల్లె మొదట్లో టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టులో ఉన్నావిడని మెల్లిగా అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "రా తల్లీ" అని వెనక తన ఇంటికి తీసుకు వెళ్ళింది. తడికెలతో కట్టిన చిన్న గది. పైన రేకు, కింద తడి నేల. గోడకి మేకు లేదు, బట్టలు వెయ్యడానికి దండెం లేదు. చొక్కా తీసి, పట్టీలు దింపి, అవన్నీ ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకోవలసి వస్తే నా గతి ఏమయ్యేదో ఆ గదిలో నిలబడ్డాక బాగా తెలిసింది. నడుము నిక్కరు గనక రెండు నిమిషాల్లో బయటికి వచ్చాను.

ఆవిడ చెంబుతో నీళ్ళిచ్చి, "ఇంత దూరం తొక్కుతూ నీళ్ళు తాగుతావేటమ్మా?" అని ఆశ్చర్యపోయింది.

"తాగకపోతే తొక్కలేనమ్మా," అన్నాను.

"మేం తాగం. సేపల గంప ఎత్తుకుని పట్నం ఎల్లామంటే మళ్ళీ ఇంటికొచ్చీదాకా సుక్క ముట్టం. ఎక్కడికెల్తాం సెప్పు?" అన్నది. నవ్వుతూనే అన్నది కాని, అందులో నవ్వవలసింది ఏమీ లేదు. ఆవిడ చీరకీ నా లైక్రా నిక్కరుకీ ఎంత దూరమున్నా, ఇద్దరి ప్రశ్నా ఒక్కటే. టీలు తాగి డబ్బులిస్తే టీకే తీసుకున్నది, గదికి తీసుకోలేదు.

అక్కణ్ణించి మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం చూసి, ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు నిలబడ్డాం. గాలీ, సముద్రమూ వేల ఏళ్ళపాటు పోసిన ఇసుక, ఇనుము తుప్పుతో ఎర్రబారి, వానలకి కోసుకుపోయి లోయలైంది. ఎనిమిదిన్నరకి భీమిలి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు ఇది. డచ్చివారి సమాధులున్నాయి, దీపస్తంభం ఉంది, గోస్తని నది సముద్రంలో కలిసేచోట పడవలున్నాయి. ఇడ్లీలు తిని, మావారు ఒక గోడకి జేరబడ్డారు. ఆయన కూడా ఒకసారి గోడ చాటుకి వెళ్ళివచ్చారు. అరనిమిషం పట్టింది.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. ఈ రోజుల్లో నైరుతి గాలి మొదలవుతుంది కనక భీమిలి వెళ్ళేటప్పుడు తోసేది, వచ్చేటప్పుడు అడ్డు నిలుస్తుంది. గాలికి తలవంచి ముప్పై కిలోమీటర్లు తొక్కేసరికి నా నడుము పట్టీ చుట్టూ ఎర్రటి వాత తేలింది. నిజం చెప్పాలి గదా, ఆ గంటన్నరలో మావారి సుఖం చూస్తే నాకు కొంచెం ఈర్ష్యగానే ఉంది. కాని ఆ వాత సాయంత్రానికి మాయమైంది. మూడో సీసా నీళ్ళు తాగి, తల తిరగకుండా ఇల్లు చేరాను.

ఇప్పుడు పాఠకులకి నేను చెప్పగలిగిందిది. పొట్ట ఉన్నవాళ్ళకీ, గంటల తరబడి వంగి తొక్కేవాళ్ళకీ పట్టీల నిక్కరు సుఖం. సందేహం లేదు. ఖరీదు మాత్రం ఎక్కువ. గంటా రెండుగంటలు తొక్కేవాళ్ళకీ, ఉక్కపోత తట్టుకోలేనివాళ్ళకీ నడుము నిక్కరు చాలు. అయితే పట్టీ వెడల్పుగా ఉన్నది చూసి తీసుకోవాలి. సన్న ఎలాస్టిక్ తాడులా కోస్తుంది. లోపల బొందు కూడా ఉంటే మరీ మంచిది. ఆడవాళ్ళ కోసం పట్టీలు దింపకుండానే వెనకభాగం విప్పుకునేలా, కొక్కెం పెట్టిన పట్టీల నిక్కర్లు ఇప్పుడు వస్తున్నాయి. కొనేవాళ్ళు దుకాణంలోనే ఒకసారి విప్పి తగిలించి చూసుకోండి. వీపు వెనక కొక్కెం చేతికి అందకపోతే అది ఉన్నా లేనట్టే. ఏ రకమైనా సరే, సైకిలు మీద కూర్చున్నట్టు వంగి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

దారి ఎలాంటిదో ముందు తెలుసుకుని, తరవాత నిక్కరు ఎంచుకోండి. ప్రతి అయిదు కిలోమీటర్లకీ తాళం వెయ్యని ఒక గది, ఆ గదిలో గోడకి ఒక మేకు ఉన్న రోజున మా తమ్ముడి సలహా నేనూ వింటాను. ఆ రోజున ఆ టీ కొట్టు ఆవిడ కూడా చేపల గంప దించి, దారిలో ఎక్కడైనా కడుపునిండా నీళ్ళు తాగుతుంది.