కరడికల్లు గుడ్డ

మా ఊరి పేరు చెప్పినప్పుడల్లా కోస్తా మిత్రులు ముసిముసిగా నవ్వుతారు. విడపనకల్లు అనగానే వారికి తాటిచెట్టూ ముంతా స్ఫురిస్తాయి. మా సీమలో ఊరి పేరు చివర వచ్చే కల్లు తాగేది కాదు, రాయి. కన్నడం నుంచి వచ్చి స్థిరపడిన మాట. గడేకల్లు, డోనేకల్లు, విడపనకల్లు... ఒక్క మండలంలోనే ఇన్ని రాళ్ళు. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగమే. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. కాగితం మీద గీత పడింది గాని, పెళ్ళి బట్టలకైనా ఆస్పత్రికైనా మా వాళ్ళకు నేటికీ బళ్ళారే దగ్గర.

పేర్ల నిండా రాళ్ళే అయినా మాకు చెప్పుకోదగిన కొండ లేదు. చూపు ఆనినంత మేర నల్లరేగడి, మధ్యమధ్య ఎర్రనేల. తుంగభద్ర ఎగువ కాలువ నీరు అందిన చోట మిరప, అందని చోట వాన కోసం ఎదురుచూసే పప్పుశనగ. కొండల నడుమ తిరగాలనీ, అడవి మృగాన్ని దాని చోటనే చూడాలనీ మాబోటి వారికి బుద్ధి పుడితే పడమటి దిక్కుగా సండూరు సీమకు పోవలసిందే. ఎన్నో ఏళ్ళుగా వాయిదా పడుతూ వచ్చిన ఆ ప్రయాణం నిరుడు సెప్టెంబరు చివరి వారంలో కుదిరింది. వానలు వెనుకబట్టి కొండలు పచ్చగా ఉండే కాలం అది.

నాకు తోడుగా మా చిన్నాయన వచ్చాడు. ఆయన వచ్చింది మృగాలను చూడటానికి కాదు, సండూరు కుమారస్వామికి ఉన్న పాత మొక్కు తీర్చుకోవడానికి. మృగాలను చూసే ఉబలాటం ఆయనకు లేశమూ లేదు. అందుకు కారణం మా చేలల్లోనే ఉన్నది.

ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు మండలాల నల్లరేగడి నేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అడవిలో ఉండే జాతి కాదది. చెట్లు దట్టంగా ఉన్న చోట దానికి భయం. విశాలమైన బయలు కావాలి, దూరం నుంచి శత్రువు కనిపించాలి, పరుగెత్తడానికి అడ్డం ఉండకూడదు. ఒకప్పుడు గడ్డి బీళ్ళు అటువంటి బయళ్ళు. బీళ్ళు దున్ని చేలు చేసుకొన్నాము. జింకలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. అక్టోబరులో శనగ విత్తి, మొలక రెండాకులు వేసేసరికి తెల్లవారుజామున మంద దిగుతుంది. తిన్నది కొంత, తొక్కినది కొంత. రైతులు చేను చుట్టూ పాత చీరలు కడతారు, దిష్టిబొమ్మలు నిలబెడతారు, రేకు డబ్బాలు మోగిస్తారు, టపాకాయలు కాలుస్తారు. నాలుగు రోజులు బెదురుతాయి. అయిదో రోజున చీర పక్కనే నిలబడి మేస్తాయి.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నది. చంపితే జైలు. ఈ సంగతి మా ఊళ్ళో చదువురాని వారికి కూడా తెలుసు. "పట్టుకొని యాడన్నా అడవిలో ఇడిసిపెట్టొచ్చు గదా" అని చిన్నాయన ప్రతి ఏడూ అంటాడు. అది కూడా సులభం కాదు. మహా పిరికి ప్రాణి. పట్టుకొని కాళ్ళు కట్టి బండి ఎక్కించే లోపలే ఆ దిగ్భ్రాంతికి చచ్చిపోయే జింకలు చాలా ఉంటాయి. పోనీ ప్రత్యేకంగా ఒక చోటు కేటాయిస్తే చిక్కు తీరుతుందా అంటే, రోళ్ళపాడు కథ ఉండనే ఉన్నది. కర్నూలు సీమలో 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం ఏర్పరిస్తే, రక్షణ దొరికి జింకలు పెరిగాయి. చుట్టుపక్కల రైతులకు అభయారణ్యం అంటేనే కంటగింపయింది. ఎవరి కోసం ఏర్పరిచారో ఆ పిట్ట అక్కడ కనిపించకుండా పోయింది.

ఇంత చెప్పడం ఎందుకంటే, నా పక్క సీటులో కూర్చొని కిటికీ బయటికి చూస్తున్న మనిషి మనసులో ఏమున్నదో మీకు తెలియాలి. కాలువ అందని ఆరెకరాల చేనులో ఈసారి శనగ విత్తాలా, బీడు పెట్టాలా అని ఆయన నెల రోజులుగా తేల్చుకోలేక ఉన్నాడు. మూడేళ్ళుగా ఆ చేను విత్తనం ఖర్చు కూడా తిరిగి ఇవ్వలేదు.

ఎర్రితాత సమాధి ఉన్న చేళ్ళగురికి మీదుగా బళ్ళారి చేరి, అక్కడ కారు మాట్లాడుకొన్నాము. కుడితిని దాటాక తోరణగల్లులో ఉక్కు కర్మాగారం గొట్టాలు కనిపిస్తాయి. (మరొక కల్లు. లెక్క పెట్టుకోండి.) అక్కడి నుంచి దక్షిణంగా తిరిగితే భీమగండి. కొండల వరుసను నారిహళ్ళ అనే వాగు కోసుకొంటూ పోయిన చోటు అది. గండి అంటే మనకూ గండే గనుక తర్జుమా అక్కరలేదు. ఆ గండి దాటి లోపలికి ప్రవేశించగానే చిన్నాయన మొదటిసారిగా నోరు విప్పాడు.

"ఇంత పచ్చగ ఉంటాదా కొండ!"

మా కళ్ళకు కొండ అంటే పెన్నహోబిలం దగ్గరి గుండ్లు, గుత్తి కోట బండలు. రాతి మీద రాయి. ఇక్కడ రెండు పక్కలా నిడుపాటి కొండలు అంచు నుంచి అంచు దాకా చెట్లతో కప్పుకొని ఉన్నాయి. మధ్యలో లోయ, లోయలో జొన్న, సజ్జ. ఆ పచ్చదనం కింద ఉన్నది ఇనుము. కొంచెం పైకి ఎక్కి చూస్తే కొండ నెత్తిన మెట్లు మెట్లుగా తవ్విన ఎర్రటి గాయాలు కనిపిస్తాయి. చైనా కొనుగోళ్ళతో ఇనుప రాతి ధర ఆకాశానికి అంటిన రోజుల్లో ఈ దారి మీద లారీ వెనుక లారీ తప్ప మరేదీ కనబడేది కాదట. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనులన్నిటినీ ఆపింది. 2013లో షరతులతో కొన్నిటిని తిరిగి అనుమతించింది. లారీలు ఇప్పుడూ ఉన్నాయి. దారి పక్క చెట్ల ఆకులు వాన వెలిసిన రెండో రోజుకే మళ్ళీ ఎర్రబారుతాయి.

కుమారస్వామి గుడి పాతది, అందమైనది. పక్కనే ఉన్న పార్వతి గుడి ఇంకా పాతది. సండూరు సంస్థానాధీశుడు ఈ గుడి తలుపులు హరిజనులకు తెరిచిన మీదట, 1934లో గాంధీజీ తన యాత్రలో సండూరు వచ్చాడు. అయితే ఈ స్వామిని స్త్రీలు చూడగూడదన్నది పూర్వాచారం. మా పిన్నమ్మ బయలుదేరేటప్పుడే తేల్చి చెప్పింది. "నా మొగం చూడనోల్ల మొగం నేనెందుకు చూడల్ల? మీరే పోయి రాండి." తలుపు ఒకరికి తెరుచుకొన్నంత మాత్రాన అందరికీ తెరుచుకొన్నట్లు కాదని ఆవిడకు ఎవరూ బోధించనక్కరలేదు.

సండూరులో లంబాణీ స్త్రీల కుట్టుపని కేంద్రం చూచాము. మా వైపు సుగాలీలు అంటాము. అద్దాలు, గవ్వలు, ఎరుపూ నీలమూ దారాలు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది. ఒక ముసలావిడ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకొని మా మాట విని, గుంతకల్లు దగ్గరి తండాలో తన చెల్లెలిని ఇచ్చామని తెలుగులోనే చెప్పింది. అక్కడ జింకలు పంటను బతకనిస్తున్నాయా అని చిన్నాయనను ఆవిడే అడిగింది. ఆ తరువాత వారిద్దరూ మాట్లాడుకొన్నదంతా అదే. నేను సంచి ఒకటి కొని పక్కకు తప్పుకొన్నాను.

మర్నాడు దరోజి. ఆ పేరు వినగానే నాకు ఎలుగుబంట్ల కంటే ముందు ఈరమ్మ గుర్తుకు వస్తుంది. తెలుగు మాట్లాడే బుడగజంగాల ఇంట పుట్టి, అక్షరం రాకపోయినా బుర్రకథ కావ్యాలను రాత్రుల తరబడి నోటి నుంచి పాడిన మనిషి. కుమారరాముని కథ ఆమె నోట ఒక మహాకావ్యం. హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమెను నాడోజ అని గౌరవించింది. 2014లో కన్నుమూసింది. మన వైపు ఆమె పేరు తెలిసిన వారు ఎందరున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. హద్దు గీత మాటలను ఆపలేదని పైన అన్నాను గాని, కీర్తిని మాత్రం బాగానే ఆపింది.

దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో ఏర్పడింది. అందులో చూపరుల కోసం ఒక మంచె కట్టారు. మంచెకు ఎదురుగా ఉన్న బండల గుట్ట పేరు కరడికల్లు గుడ్డ. కరడి అంటే ఎలుగు, కల్లు అంటే రాయి, గుడ్డ అంటే గుట్ట. మా ఊరి కల్లుకు దాయాది కల్లు. ప్రతి మధ్యాహ్నం అటవీ సిబ్బంది ఆ బండల మీద బెల్లపు పాకం పూసి వస్తారు. పొద్దు వాలే వేళకు ఎలుగులు దిగివచ్చి నాకుతాయి. మంచె మీది వారు దుర్భిణులతో చూస్తారు.

ముందుగా నెమళ్ళు వచ్చాయి. తరువాత ఒక ముంగిస. ఆ పిమ్మట అడవిపందులు ఒక గుంపు వచ్చి బెల్లాన్ని నెమళ్ళ దగ్గర లాక్కొన్నాయి. నాలుగున్నర దాటాక బండ నీడలో నీడ కంటే నల్లగా ఏదో కదిలింది. తల్లి. దాని వీపు మీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకొని వేలాడుతున్నాయి. పిల్లలను ఇలా మోసుకు తిరగడం మన ఎలుగుకే ప్రత్యేకం. దానికి పై పళ్ళలో ముందువి రెండు ఉండవు. ఆ సందులో నుంచి ఊపిరి లోపలికి పీల్చి పుట్టలోని చెదలను జుర్రుకొంటుంది. దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకొంటుంది కూడా. చెద పుట్టలను తవ్వడానికి పుట్టిన ఆ పొడుగాటి గోళ్ళు ఇప్పుడు బండ పగుళ్ళలోని బెల్లాన్ని గీకుతున్నాయి. నాకు సంతోషమూ కలిగింది, ఏదో వెలితీ తోచింది. వేళకు వచ్చి వడ్డన తినిపోయే దానిని అడవి మృగం అనవచ్చునా? అయినా ఈ రక్షణ లేని రోజుల్లో ఇక్కడి గుట్టలు బోడిగా ఉండేవనీ, ఇప్పుడు రేగు, తునికి, కలివి మళ్ళీ లేచాయనీ విన్నాక నా వెలితిని నాలోనే ఉంచుకొన్నాను.

చిన్నాయన దుర్భిణి వద్దన్నాడు. చాలాసేపు ఊరికే చూచి, మంచె దగ్గరి కావలివానిని అడిగాడు.

"దినానికి ఎంత బెల్లం పడుతుందప్పా?"

అతడు ఏదో లెక్క చెప్పాడు.

"దుడ్డు ఎవురిస్తారు?"

"సర్కారు."

చిన్నాయన నా వైపు తిరిగి, "ఈన్ల బెల్లం పూసి పిలుస్తాండారు. మనం డబ్బా కొట్టి తరుముతాండాము. రెండిండ్లదీ ఒగటే సట్టమేనా?" అన్నాడు. అవునన్నాను. ఎలుగుబంటి కూడా అదే చట్టంలో అదే మొదటి షెడ్యూలులో ఉన్నది.

కావలివాడు నవ్వలేదు. అభయారణ్యం అంచున తనకు నాలుగెకరాల చేను ఉన్నదనీ, శనక్కాయ ఊరే నెలల్లో పందులకూ ఎలుగులకూ భయపడి తన కొడుకు చెట్టు మీది మంచెలో పడుకొంటాడనీ చెప్పాడు. పగలు తండ్రి బెల్లం పూస్తాడు, రాత్రి కొడుకు టార్చిలైటు పట్టుకొని అరుస్తాడు. "ఎలుగు ఎదురుపడితే పరుగెత్తకూడదు, అది మనకంటే వేగం" అని మాకు జాగ్రత్త కూడా చెప్పాడు. చిన్నాయన తన సంచిలో నుంచి వక్కాకు తీసి అతనికి ఇచ్చాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చొని చేల మాట్లాడుకొన్నారు. నేనూ, బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబమూ ఎలుగుబంటి వెనుదిరిగి పోయేదాకా చూస్తూ ఉండిపోయాము.

తిరుగు ప్రయాణంలో ఆయన పెద్దగా ఏమీ అనలేదు. అక్టోబరు మూడో వారంలో వాన పడింది. ఆరెకరాలూ విత్తినట్లు పిన్నమ్మ ఫోను చేసి చెప్పింది. నవంబరులో ఊరికి పోయినప్పుడు ఒక రాత్రి ఆయనతో పాటు చేనిలో పడుకొన్నాను. నేల మీద పట్ట, పైన కంబళి, తలాపున రేకు డబ్బా. తెల్లవారుజామున భుజం తట్టి లేపాడు. మసక వెలుగులో గట్టు అవతల నుంచి ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి. ముందు ఆడవి, వాటి వెనుక మెలికల కొమ్ములతో నల్లటి పోతు. చిన్నాయన డబ్బా చేతిలోకి తీసుకొన్నాడు గాని వెంటనే కొట్టలేదు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

"ఇరవై యేడు" అన్నాడు. అప్పుడు కొట్టాడు.

మంద ఒక్కసారిగా గాలిలోకి లేచింది. ఆరెకరాల చేనిని నాలుగు గెంతుల్లో దాటి పక్క చేనిలో దిగింది. కాసేపటికి అటు నుంచి కూడా డబ్బా చప్పుడు వినిపించింది.