విషానికీ మందుకూ ఒకే వాకిలి

తాళపత్రాలలో మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉండదు. అక్షరాలు బారులు తీరి వస్తాయి. ఎక్కడ విడదీయాలో చదువరే తెలిసికొని విడదీయాలి. దానినే పదచ్ఛేదం అంటాము. తరగతిలో ఈ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడల్లా నల్లబల్లమీద "మావిడాకులు" అని వ్రాసేవాడిని. ఒక్క బిగిని చదివితే పెళ్ళింటి గుమ్మానికి తోరణం. "మా" దగ్గర ఆగి చదివితే ఆ పెళ్ళే పెటాకులు. పిల్లలు గొల్లున నవ్వేవారు. అక్షరాలు అవే, కోత మాత్రం వేరు.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఈ పదచ్ఛేదం నాకు ఈస్ట్ అనే ఏకకణజీవి కడుపులో మరల కనబడినది. అందుకు కారణం మా ఇంటావిడ.

ఆమెకు మధుమేహం. మాత్రలు చాలవు, ఇన్సులిన్ సూది తప్పదని వైద్యులు చెప్పిన రోజున, "ఏమండీ, అది పందిలోనుంచి తీస్తారట గదా?" అన్నది. విన్నమాట ఉత్తది కాదు. 1922లో మనిషికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చిన నాటినుండి కొన్ని దశాబ్దాలపాటు అది పశువుల, పందుల క్లోమాలనుండి తీసినదే. పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టని మనిషి. సూది వేయించుకోనని భీష్మించుకొని కూర్చున్నది. వారం గడిచినది; ఒంట్లో చక్కెర మాత్రం తగ్గలేదు. నాకు భయం పట్టుకొన్నది.

సీసాతో వచ్చిన కాగితాన్ని భూతద్దం పెట్టి చదివితే, ఆ మందు ఈస్ట్‌లో తయారయినదని ఉన్నది. రొట్టెపిండిని పొంగించేదీ, కల్లును పులియజేసేదీ ఆ జాతే. ఆ మాటే చెప్పాను. "పంది పోయి కల్లుకుండ వచ్చిందా!" అన్నది. అంటూనే ఒప్పుకొన్నది.

ఆమెకు సందేహం తీరినది గాని నాకు మొదలయినది. ఈస్ట్‌కు రక్తం లేదు, క్లోమం లేదు. మనిషి ఇన్సులిన్‌ను చక్కగా తయారుచేసి గడప దాటించే నేర్పు దానికెక్కడిది? చదువగా చదువగా తేలినదేమంటే, ఆ నేర్పులోని కీలకం శాస్త్రజ్ఞులకు చిక్కినది ఈస్ట్ కక్కే విషాన్ని పరిశీలించినప్పుడు!

కొన్ని ఈస్ట్ కణాలు తమ చుట్టూ ఉన్న ఇతర ఈస్ట్‌లను చంపుతాయని 1963లో బెవన్, మాకోవర్ అనేవారు ప్రకటించారు. వీటికి హంతక ఈస్ట్‌లని పేరు. వాటి విషాలలో మొదట తెలిసినదాన్ని కె1 అంటారు. దాని పాఠం ఈస్ట్ సొంత గ్రంథంలో లేదు. లోపల కాపురముండే ఒక వైరస్ మోసుకొని వచ్చినది. ఈ వైరస్ కణం వీడి బయటికి రాదు. తల్లికణంనుండి పిల్లకణానికి, కణాలు జతకూడినప్పుడు ఒకదానినుండి మరొకదానికి సంక్రమిస్తుంది. ఈ అతిథిని వెళ్ళగొట్టుదామంటే వీలులేదు. వైరస్‌ను పోగొట్టుకొన్న కణం విషాన్ని తట్టుకొనే శక్తినీ పోగొట్టుకొని తన తోబుట్టువుల విషానికే చస్తుంది.

విషం తయారయ్యే తీరు చూడండి. మొదట 316 అమైనో ఆమ్లాలు గల ఒకే పొడుగు మాంసకృత్తు పుడుతుంది. అచ్చంగా తాళపత్రపు పంక్తి! దాని మొదట ఉండే చిన్న తునక, "నన్ను బయటికి పంపండి" అనే చీటీ వంటిది. ఆ చీటీ చూపి అంతర్జీవ ద్రవ్యజాలంలో ప్రవేశిస్తుంది. అక్కడ చీటీని కత్తిరించి పారవేస్తారు. గొలుసు ముడుచుకొంటుంది, గంధకపు ముడులు పడతాయి, నడిమి భాగానికి చక్కెర తొడుగులు అమరుతాయి. తరువాత చిన్న చిన్న తిత్తులలో ఎక్కి గాల్జీ సంక్లిష్టానికి చేరుతుంది.

అక్కడున్నాడు మన పదచ్ఛేద పండితుడు. ఆ ఎంజైమ్ పేరు కెక్స్2. లైసీన్, ఆర్జినీన్ అనే రెండక్షరాలు పక్కపక్కన కనబడితే, వాటి తరువాత కోస్తుంది. కెక్స్1 అనే మరొకటి వెనుకనే వచ్చి, కోసిన కొసను మిగిలిన అక్షరాలను గీకి శుభ్రం చేస్తుంది. నడుమనున్న గామా తునక ఊడిపోగా, 103 అమైనో ఆమ్లాల ఆల్ఫా, 83 అమైనో ఆమ్లాల బీటా గంధకపు ముడితో కలిసి బయటికి వెళతాయి. అదే విషం. ఎదుటి కణపు గోడలోని గ్లూకాన్‌ను పట్టుకొని, లోపలి పొరకు చేరి, దానికి తూట్లు పొడుస్తుంది. కణంలోని లవణాలు కారిపోయి అది చస్తుంది.

కెక్స్2 పాడైన ఈస్ట్‌లు కూడ ఉన్నాయి. పాఠమంతా ఉన్నా విడదీసేవాడు లేడు గనుక అవి ఎవరినీ చంపలేవు. కాని ఇతరుల విషానికి చావవు! కోయని గొలుసే వాటిని కాపాడుతున్నదన్నమాట. వాటిలో ఆల్ఫా జాతివి జతకట్టనూ లేవు. ఆ జాతి తన జంటను పిలువడానికి వెలువరించే 13 అమైనో ఆమ్లాల సందేశం కూడ ఒక పొడుగు గొలుసులోనుండి కెక్స్2 కోసి ఇవ్వవలసినదే. చంపే మాటకూ, వలచి పిలిచే మాటకూ పదచ్ఛేదం చేసే పండితుడు ఒక్కడే.

ఈ తిత్తుల ప్రయాణం ఎలా సాగుతుందో తేల్చడానికి ర్యాండీ షెక్‌మన్ 1970ల చివరినుండి ఈస్ట్‌నే ఆశ్రయించాడు. 37 డిగ్రీల వేడిలో రవాణా స్తంభించే ఈస్ట్‌లను ఏరి, ఏ జన్యువు చెడితే బండి ఎక్కడ ఆగుతుందో చూశాడు. 2013లో రోత్‌మన్, స్యూదోఫ్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

ఇప్పుడు ఇన్సులిన్ మాట. 1967లో డొనాల్డ్ స్టైనర్ చూపినదేమంటే, మన క్లోమంలో ఇన్సులిన్ కూడ మొదట ఒకే గొలుసుగా పుడుతుందని. 86 అమైనో ఆమ్లాలు. నడిమి తునక ఊడిపోతే 30, 21 అమైనో ఆమ్లాల రెండు పేటలు గంధకపు ముడులతో మిగులుతాయి. కె1 విషపు కథే గదా ఇది! కోతగుర్తులు కూడ అటువంటి జంటాక్షరాలే. ఆ కోత కోసే మానవ ఎంజైమ్ ఏదో చాలాకాలం తెలియలేదు. 1984లో కెక్స్2 జన్యువు చేజిక్కిన తరువాత, దానిని పోలినవాటికోసం వెదికితే మనలోని దాయాదులు ఒక్కటొక్కటిగా బయటపడినవి. వాటిలో ఫ్యూరిన్ అనేదాన్ని కోవిడ్ వైరస్ కూడ తన కొమ్ముమాంసకృత్తును కోయించుకోవడానికి వాడుకొంటున్నది. విడదీసేవాడికి గ్రంథం ఎవరిదన్న పట్టింపు లేదు.

ఆ పట్టింపు లేకపోవడమే మాకు మేలు చేసినది. ఇన్సులిన్ పాఠానికి ముందు ఆ జంటను పిలిచే గొలుసు తొలిభాగాన్ని అతికించి ఈస్ట్‌కు ఇస్తారు. అది తన సందేశమే అనుకొన్నట్లు గాల్జీదాకా తీసుకొనిపోతుంది. కెక్స్2 అక్కడ అతుకును కోస్తుంది, సరుకు గడప దాటుతుంది. మిగిలిన చిన్న కోతలు కార్మాగారంలో జరుగుతాయి.

విషమున్న చోట మందు ఉంటుందని మన పెద్దలు అనేవారు. ఇక్కడ ఆ రెంటికీ వీధి ఒకటే, వాకిలి ఒకటే, వాకిట నిలిచి విడదీసే చేయి ఒకటే. తేడా అంతా వ్రాసి ఇచ్చిన పాఠంలో ఉన్నది. ఏభై ఏళ్ళ కిందట ఈస్ట్ విషాన్ని పట్టుకొని కూర్చున్నవారిని చూసి, దీనివల్ల ఎవరికి లాభమని అడిగినవారు ఉండే ఉంటారు. మా ఇంట్లో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఆ లాభం లెక్కకు అందుతున్నది.

కెక్స్2 వంటి ఎంజైమ్‌లకు తెలుగులో ఒక పేరుంటే బాగుండును. నేను "పదచ్ఛేదిని" అని పిలుచుకొంటున్నాను. ఇంతకన్న తేలికైన తెలుగు మాట మిత్రులకు తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకొంటాను.