పోయింది రాబట్టాలని

మా ఆయన జూదరి కాదు. పేకముక్క ముట్టి ఎరుగరు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత మావాళ్లంతా ఆయన్ని ఆ మాటే అన్నారు.

మొదట్లో షేర్లు కొనేవారు. తర్వాత తోటి ఉద్యోగి ఒకాయన ఆప్షన్లు నేర్పించారు. స్టాక్ మార్కెట్ సూచీ నిఫ్టీ పెరుగుతుందనిపిస్తే కాల్, పడుతుందనిపిస్తే పుట్. కొద్దిపాటి ప్రీమియం కడితే లక్షల విలువైన లాట్ మీద పందెం. తప్పితే ఆ ప్రీమియమే పోతుందన్నారు. నిజమే. కానీ మార్కెట్ కదలకుండా కూర్చున్నా ఆ ప్రీమియం రోజూ కరుగుతుంది. గడువు నాటికి నిఫ్టీ మనం అనుకున్న అంకె దాటకపోతే కాల్ విలువ సున్నా. ఈ సంగతి నాకు కష్టం వచ్చాకే తెలిసింది.

2024 జూన్ 3, సోమవారం. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరి 23,263 దగ్గర ఆగింది. ఈయన ఆ గురువారం, 6వ తేదీతో గడువు తీరే 23,200 కాల్స్ కొన్నారు. మర్నాడు ఓట్ల లెక్కింపు. మా వీధంతా రాష్ట్ర అసెంబ్లీ ఫలితాల కోసం టీవీలకు అతుక్కుపోయింది, బయట టపాసులు. ఈయన చూపు మాత్రం ఫోన్ మీదే. బీజేపీకి సొంతంగా మెజారిటీ రాదని తేలేకొద్దీ నిఫ్టీ జారింది. సాయంత్రానికి 1,379 పాయింట్లు పడింది.

అప్పటికి పోయింది పొదుపు చేసుకున్న డబ్బే. 5వ తేదీన మార్కెట్ తిరిగి లేచింది. "చూశావా, వస్తోంది, యావరేజ్ చేస్తే బయటపడతాం" అని నా గాజులు బ్యాంకులో కుదువపెట్టి అవే కాల్స్ ఇంకా కొన్నారు. ఫలితాల భయంతో ఉబ్బిన ప్రీమియం, ఆ భయం తగ్గడంతో, నిఫ్టీ పెరుగుతున్నా పెరగలేదు. గురువారం నిఫ్టీ 22,821 దగ్గర ముగిసింది. కాల్స్ సున్నా. శుక్రవారం నిఫ్టీ 23,290కి చేరింది. ఆయన అన్నట్టే పెరిగింది, ఒక్కరోజు ఆలస్యంగా. ఆ ఒక్కరోజే ఆయన్ని తినేసింది. "నేను చెప్పింది నిజమే కదా" అని అర్ధరాత్రి లేచి కూర్చుని అనేవారు.

అత్యాశ అంటారు అందరూ. నేను చూసింది ఆశ కాదు. పోయింది రాబట్టేదాకా ఓడినట్టు ఒప్పుకోలేని యాతన. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని కానెమన్, ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారట. నాకు అది ఆయన ముఖంలో కనిపించింది. ఆ తర్వాత ప్రతి గురువారం మళ్లీ అప్పు, మళ్లీ సున్నా. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు.

సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలు బయటికొచ్చాయి. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు మదుపరుల్లో నూటికి 93 మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లు. పేపరు ఆయన ముందు పెట్టాను. చదివి, "ఇంతమందా" అన్నారు. నష్టపోయింది తానొక్కడే అనుకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రే అప్పులన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. నాకు తెలియనివి అందులో మూడున్నాయి.

మర్నాడు ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్లాం. తన ఖాతాలో ఆప్షన్స్ సెగ్మెంట్ మూసేయమని బ్రోకర్‌కు ఆయనే రాశారు. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, వడ్డీ కడుతున్నాం. డాబా తలుపుకు తాళం తీసేశాను.