చేతికంటే ముందు చూపు

‘ఫ్యాన్ల విమానమా!’

శంషాబాద్‌లో ఏటీఆర్‌ 72ను దగ్గర్నుంచి చూడగానే కొందరి ముఖాల్లో కాస్త చిన్నచూపు, కాస్త బెరుకు. తోకవైపు నుంచి మెట్లెక్కాలి. సామాన్లేమో ముందువైపు, పైలట్ల గది వెనకే ఉంటాయి. కిటికీలోంచి చూస్తే దాదాపు 13 అడుగుల వెడల్పున ఆరు రెక్కల ప్రొపెల్లర్‌! అలాగని ఇది పాతకాలపు యంత్రమేం కాదు. లోపల తిరిగేది జెట్‌లో ఉండేలాంటి టర్బైనే. దాని వేగాన్ని గేర్‌బాక్స్‌ బాగా తగ్గించి ప్రొపెల్లర్‌కు అందిస్తుంది. దగ్గరి ఊళ్లకు తక్కువ ఇంధనంతో వెళ్లాలంటే ఈ పద్ధతే మేలు.

రాజమండ్రి లాంటి ఊరికి గంట ప్రయాణం. ఆ గంటలోనే ఎక్కడం, సాగడం, దిగడం... మూడూ అయిపోవాలి. పైలట్లు ఒక్కోరోజు ఇదే పనిని నాలుగుసార్లు చేస్తారు. చేయగా చేయగా చేతులకు దారి తెలిసిపోతుంది. ఈ ఉద్యోగంలో సుఖం అదే, ప్రమాదమూ అదే.

గాల్లోకి లేచేటప్పుడు ప్రొపెల్లర్‌ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. కాస్త ఎత్తుకు వెళ్లాక పైలట్‌ ఓ మీటను ‘క్లైంబ్‌’కు తిప్పుతాడు. చుట్లు వెయ్యికి కాస్త లోపలికి దిగుతాయి. ఉన్నట్టుండి మోత తగ్గేసరికి కొత్త ప్రయాణికుడి గుండె జారుతుంది. ఇంజిన్‌ ఆగిందేమోనని! ఆగలేదు. ఎక్కడానికి అంత పరుగు అక్కర్లేదంతే.

నిజంగానే ఓ ఇంజిన్‌ మొరాయిస్తే? విమానం ముక్కు అటువైపే లాగేస్తుంది. పైలట్‌ రెండోవైపు రడ్డర్‌ తొక్కి నిలబెట్టాలి. ఆగిన ఇంజిన్‌ ప్రొపెల్లర్‌ గాలికి అడ్డంగా ఉంటే గోడలా ఆపుతుంది. అందుకే దాని రెక్కలను గాలికి అంచు చూపేలా తిప్పేస్తారు. దాన్నే ‘ఫెదర్‌’ అంటారు. టేకాఫ్‌లో ఆ పనిని యంత్రమే చేసి, రెండో ఇంజిన్‌ శక్తిని కూడా పెంచుతుంది. అప్పుడు మనిషి చేయాల్సిన మొదటి పని... తొందరపడకపోవడం. 2015 ఫిబ్రవరి 4న తైపీలో జరిగింది తొందరపాటే. ఓ ఏటీఆర్‌లో కుడి ఇంజిన్‌ ప్రొపెల్లర్‌ ఫెదర్‌ అయింది. కెప్టెన్‌ ఎడమ ఇంజిన్‌ లీవర్‌ను వెనక్కి లాగాడు. బాగున్నది అదొక్కటే! ఆగండి, సరిచూద్దాం అని పక్కనున్న పైలట్‌ అననే అన్నాడు. అయినా చేయి ఆగలేదు. విమానం నదిలో కూలి 43 మంది చనిపోయారు.

పదహారు, పదిహేడు వేల అడుగులకు చేరాక చేతులకు పని తగ్గుతుంది. ఆటోపైలట్‌ చూసుకుంటుంది. కళ్లకు మాత్రం సెలవు లేదు. జెట్‌లు మబ్బులను దాటి పైకి పోతాయి. ఏటీఆర్‌ చాలాసార్లు మబ్బుల్లోంచే వెళ్లాలి. వానాకాలంలోనూ మన ఆకాశంలో ఆ ఎత్తున నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది. రెక్కల అంచున మంచు పేరుకుంటే వాటి ఆకారమే మారిపోతుంది. అంచులకున్న రబ్బరు తొడుగులు గాలితో ఉబ్బి ఆ మంచును పగలగొడతాయి. ప్రొపెల్లర్‌ను కరెంటుతో వేడిచేస్తారు. మామూలుకంటే ఎక్కువ వేగం నిలబెట్టుకోవాలి. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్‌ దగ్గర ఇలాంటి విమానమే మంచులో చిక్కుకుంది. ఆటోపైలట్‌ ఒక్కసారిగా తప్పుకుంది. విమానం పక్కకు ఒరిగి కూలి, అందులోని 68 మందీ మరణించారు. ఆ తర్వాతే రబ్బరు తొడుగులను మరింత వెడల్పు చేశారు.

ఇక దిగడం. దానికో నోటిలెక్క ఉంది. ఎత్తు ఎన్ని వేల అడుగులో చూసి మూడుతో హెచ్చవేస్తే చాలు. 17 వేలకు 51 నాటికల్‌ మైళ్లు... అంటే సుమారు 94 కిలోమీటర్ల ముందే కిందకు బయల్దేరాలి. ఆలస్యమైతే ఎత్తు మిగిలిపోతుంది. లీవర్‌ను పూర్తిగా వెనక్కి తీస్తే ప్రొపెల్లర్లే బ్రేకుల్లా పట్టేస్తాయి. ఆ వెసులుబాటు ఉంది కదా అని లెక్క మానేస్తే కుదరదు.

రన్‌వే దగ్గరయ్యేకొద్దీ పనులు వరసకడతాయి. చక్రాలు, ఫ్లాప్స్‌, చెక్‌లిస్టు... 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖ్రాలో సరిగ్గా ఇక్కడే చేయి దారి తప్పింది. ఫ్లాప్స్‌ లీవర్‌ను కదపబోయి, దాని పక్కనే ఉన్న ఇంజిన్‌ కండిషన్‌ లీవర్లను కదిపారు. రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్‌ అయ్యాయి. ఇంజిన్లు తిరుగుతూనే ఉన్నాయి కానీ ముందుకు తోసే శక్తే లేదు. విమానంలోని 72 మందీ ప్రాణాలు కోల్పోయారు. ఆ చేయి అనుభవం లేనివాళ్లది కాదు. శిక్షణ ఇచ్చే కెప్టెన్‌దే.

అందుకే ఇంజిన్‌ లీవర్‌ను ఆపే ముందు ఓ చిన్న తంతు ఉంటుంది. ఒకరు చేయివేసి పేరు చెబుతారు. రెండోవారు చూసి ‘కన్ఫర్మ్‌’ అంటారు. ఆ తర్వాతే లీవర్‌ కదలాలి. ఇదంతా రెండు క్షణాల పని. ప్రతిసారీ చేస్తే విసుగే. పైగా మన దగ్గర పెద్దవాళ్లు చేసేదాన్ని తప్పనడం మర్యాద కాదంటారు. కాక్‌పిట్‌లో ఆ మర్యాద చెల్లదు. కెప్టెన్‌కు ఇరవయ్యేళ్ల అనుభవం ఉండొచ్చు. పక్కసీట్లో కూర్చున్నది అతని కూతురి ఈడు అమ్మాయి కావచ్చు. అయినా ‘సర్‌, అది కాదు’ అని ఆ అమ్మాయి అనగలగాలి. వినగానే ఆయన చేయి ఆగాలి.