ఇంటి బీరు

బీరు పేరు విన్నంతనే చెవులు మూసికొను మిత్రులు మాకుఁ బెక్కురు గలరు. మేమును మద్యనిరోధసభలలో నుపన్యసించినవారమే. అయినను ఇంగ్లండులో గృహస్థులు బీరు కాఁచుకొను పద్ధతిని జదివి ముచ్చటపడితిమి. మొలకెత్తించి యెండించిన యవలను నలుగఁగొట్టి, వేఁడినీటఁ దీపి దిగువఱకు నానవేసి, వడకట్టి, హాపుపూవులతో గంటసేపు కాఁతురు. అటుపిమ్మటనే చిక్కు. చల్లార్చిన రసమున నీస్టు, అనఁగా మన కిణ్వము, తప్ప వేఱొక సూక్ష్మజీవి చొరరాదు. కడుగని గరిటె యొక్కటి చాలును, పీపాయంతయుఁ బుల్లనై పాఱఁబోయవలసివచ్చును. మన వంటయిండ్లలో మడి యున్నంత శుచి యున్నదా యని మాకు సందేహము. దుకాణమునఁ గూలిడబ్బు ధారపోయుటకును, వారములు వేచి యింట నొక గ్లాసు పుచ్చుకొనుటకును భేదము లేదందుమా? అచట 1963లోఁ గాని లైసెన్సు బెడద తీఱలేదు. కౌటిల్యుఁడో, కుటుంబులు శుభకార్యములకు శ్వేతసుర చేసికొనవచ్చునని యేనాఁడో యనుమతించెను. ఆ ప్రకరణమును జూపినందులకు మా పండితమిత్రులొకరు పదిదినములు మాతోఁ బలుకలేదు.