ఫరిష్తాలు రాని యిల్లు

కుక్కున్న యింట్లోకి ఫరిష్తాలు రారని మా నానీ అనేది. గుంటూరులో వీధికుక్క గడప దగ్గరికొస్తే చీపురందుకునేది. అట్లాంటి యింట్లో పెరిగిన మా పెరట్లో యిప్పుడు 14 కుక్కలున్నాయి. యిద్దరికీ యాభై దాటాక, పిల్లలు వాళ్ల దారి చూసుకున్నాక, అలాస్కాలో మేం పట్టిన పని యిది: కుక్కలు లాగే మంచుబండ్ల పందెం.

నవ్వకండి. యీ ఆటకి వయసు అడ్డం కాదు. యాంకరేజ్ దగ్గర్నించి నోమ్‌ దాకా దాదాపు వెయ్యి మైళ్లు సాగే ఇడిటరాడ్ పందేన్ని 1973లో మొదలెట్టిన జో రెడింగ్టన్, 1988లో 71 యేళ్లప్పుడు అయిదోవాడిగా వచ్చాడు. 1997లో, 80 యేళ్లకి, మళ్లీ నోమ్ చేరాడు. మేమెంత? మాది 200 మైళ్ల పందెం. అదీ మొదటిసారి సగంలోనే ఆగాం. బండి బోర్లాపడింది, చెయ్యి జారింది, కుక్కలు మమ్మల్నొదిలేసి పోయాయి. బండిని మాత్రం వదలగూడదన్నది మొదటి పాఠమట.

దీంట్లో పరుగు కంటే చాకిరీ యెక్కువ. మంచు కరగబెట్టాలి, మాంసం వుడకేసి పెట్టాలి, గడ్డి పరవాలి. ఒక్కో పాదానికీ గుడ్డ తొడుగు, పది కుక్కలకి నలభై. అప్పుడు మన కడుపు. డిసెంబర్లో పగలు అయిదున్నర గంటలే. జొహర్, అసర్, మగ్రిబ్ ఒకదాన్నొకటి తరుముకొస్తాయి. కుక్కలు నాకిన చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని నమాజు చేస్తాం. వేటకుక్క పట్టి తెచ్చింది తినొచ్చన్నది ఖురానే. గుహలో నిద్రపోయినవాళ్ల గుమ్మంలో కుక్క వుందని చెప్పిందీ ఖురానే. ఫోన్లో యీ మాటంటే, "అలాస్కా పోయి ముల్లాలయ్యారా?" అన్నారు చుట్టాలు.

మాకు మొదటి కుక్కల్నిచ్చింది ఒక అథబాస్కన్ పెద్దాయన. 1925లో నోమ్‌లో డిఫ్తీరియా వస్తే 20 మంది బండ్లవాళ్లు చేతులు మార్చుకుంటూ 674 మైళ్లు మందు చేరవేశారు. వాళ్లలో చాలామంది అలాస్కా మూలవాసులు. న్యూయార్కులో విగ్రహం మాత్రం చివరి బండి లాగిన బాల్టో అనే కుక్కకి.

"కుక్కకి పెట్టారు, మంచిదే. మావాళ్ల పేర్లే యెవరూ అడగలేదు" అన్నాడాయన.

మాకది కొత్తగా అనిపించలేదు. యిక్కడివాళ్లు మమ్మల్ని అరబ్బులా అనడుగుతారు. తెలుగోళ్లు కలిస్తే "మీకింత తెలుగెట్లా వచ్చింది?" అంటారు. అమ్మ కడుపులోంచి వచ్చిందని యెన్నిసార్లు చెప్పాలి?

కుక్కలకి కుడికి 'జీ' అనాలి, యెడమకి 'హా' అనాలి. మేమూ అంటాం. మొన్నటి పందెంలో గడ్డకట్టిన నది మీద, మైనస్ 30లో, ముందు కుక్క మొరాయించి కూర్చుంది. జీ లేదు, హా లేదు. "లేవే తల్లీ, యింకాస్తే" అని తెలుగే వచ్చింది నోటికి. కాసేపు చూసి లేచింది.

చివర్నించి రెండోవాళ్లం. ఆ రాత్రి ఫోన్ చేస్తే అమ్మీ యెన్నోవాళ్లమని అడగలేదు. "కుక్కలు తిన్నాయా?" అంది. ఆ తర్వాతే, "చేతులు కడుక్కున్నారా?" అంది.