ఆషాఢమాసపు మంచు

మంచు అనగానే మనవారికి రెండే తలంపులు కలుగును. ఒకటి ధనుర్మాసపు తెల్లవారుజామున పొలముగట్లపై వ్రాలెడి తెల్లని తెర. రెండవది పురాణములలోని హిమవంతుడు. మిట్టయెండ నెత్తిన కాయుచుండగా, ముఖము మాడుచుండగా, పాదముల క్రింద మాత్రము శీతకాలము తరుగక నిలిచియుండుట మన యనుభవములో లేని సంగతి. అట్టి మంచుమీద, అట్టి ఋతువున, కాళ్ళకు పొడవైన పలకలు బిగించుకొని కొండ నెక్కి, మరల వానిమీదనే జారుచు దిగివచ్చు విద్య యొకటి గలదు. దానిని స్కీ పర్వతారోహణ మందురు. ఇది వట్టి వేడుక యని తలచువారు కొందరు. ప్రాణములమీది తీపి చాలనివారి పిచ్చి యని తలచువారు మన యిండ్లలో నంతకంటె నెక్కువమంది. రెండు పక్షములవారును ఆ విద్య యెట్టిదో విచారించినట్లు కానరాదు.

నేను చెప్పబోవునది అమెరికా దేశపు వాయవ్యమూలనున్న వాషింగ్టన్ రాష్ట్రములోని రెయినీర్ పర్వతమును గూర్చి. దాని యెత్తు సుమారు 14,400 అడుగులు. అది నిద్రించుచున్న అగ్నిపర్వతము. శిఖరపు బిలములో నేటికిని ఆవిరి వెడలుచుండును. ఆ నేలకు మొదటివారైన ప్రజలు దానిని తహోమా మొదలగు పేర్లతో పిలిచెడివారు. 1792 లో జార్జి వాంకూవర్ అను ఆంగ్ల నావికుడు సముద్రమునుండి దానిని చూచి, తన మిత్రుడైన పీటర్ రెయినీర్ పేరు పెట్టెను. ఆ రెయినీర్ దొర 1794 మొదలు 1805 వరకు తూర్పుసముద్రములలోని ఆంగ్ల నౌకాదళమునకు అధిపతియై, మన చెన్నపట్టణము ముఖ్యస్థానముగా నుండినవాడు. తన పేరు మోయుచున్న కొండను ఆయన కన్నులార చూచి యెరుగడు. చూడకయే కొండలకు పేరిచ్చుట ఆ కాలపు దొరలకు గల సదుపాయములలో నొకటి కాబోలు! నేడు సియాటిల్ నగరప్రాంతమున తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. ఆకాశము తేటపడిన దినమున ఆ పర్వతము వారి వీధుల చివర తెల్లగా నిలిచి కనబడును. చూచి, ఛాయాచిత్రము దీసికొని, తమ పనికి పోవువారే గాని, దాని దగ్గరకు బోయి మంచును తాకి వచ్చినవారు కొలదిమంది.

కొండకు దక్షిణపు వాలున 5,400 అడుగుల యెత్తున ప్యారడైస్ అను మజిలీ గలదు. 1971-72 శీతకాలమున అచ్చట కురిసిన మంచు మొత్తము 1,122 అంగుళములు, అనగా 93 అడుగులకు పైబడినది. అన్ని సంవత్సరములు అట్లుండవు. అయినను ఆ మంచు వేసవి వచ్చినంతమాత్రమున తరుగదని తెలియుటకు ఈ లెక్క చాలును.

ఇక పనిముట్ల సంగతి. ఎక్కునపుడు మడమ విడివడి, వ్రేళ్ళవైపు మాత్రమే స్కీకి బిగిసియుండును. దిగునపుడు మడమనుగూడ బిగింతురు. ఎక్కునపుడు వెనుకకు జారకుండ పలక అడుగున నొక నూగుపట్టి నతికింతురు. పూర్వము దీనికి సీలు అను సముద్రజంతువు చర్మమును వాడెడివారు. నేడు అంగోరా మేకబొచ్చుతోగాని నైలానుతోగాని నేయుదురు. పిల్లివీపువలె నొకవైపు నిమిరిన నున్నగా సాగును, ఎదురు నిమిరిన నిలువరించును. ఇంతే రహస్యము.

కాని అసలు విద్య పనిముట్లలో లేదు, వేళలో నున్నది. వేసవి పగటియెండకు మంచు పైపొర కరగును. రాత్రి ఆకాశము నిర్మలముగా నున్నచో ఆ వేడి పైకి బోయి పొర తిరిగి గట్టిపడును. ఇట్లు కరగుచు గట్టిపడుచు కొన్నినాళ్ళు గడచినపిదప మంచు పొడిగా నుండక గోధుమరవ్వవలె గింజలు గట్టును. తెల్లవారుజామున ఈ రవ్వ యంతయు నొక్క బండయై యుండును. దానిపై స్కీ పట్టుదప్పును, జారిపడినవాడు ఆగుట కష్టము. ఎండ యెక్కినకొలది పైని అంగుళము మేర మాత్రము వదులగును. దిగవలసినది అప్పుడే. మరి రెండుగంటలు గడచిన అదే మంచు జావయై కాళ్ళు దిగబడును, నిట్టవాలులమీద తడిమంచు జారి విరుచుకొనిపడవచ్చును, హిమానీనదముల బీటలపై మంచు కట్టిన వంతెనలు బలము తప్పును. పాకము పట్టినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. లేతపాకమునకు ముదురుపాకమునకు నడుమ గల ఆ కొద్దిసేపును పొయ్యిదగ్గర నిలిచి కనిపెట్టవలెను గాని, గరిటె పొయ్యిమీద విడిచి వీధిలోనికి బోరాదు. రాత్రి మబ్బు కప్పెనా, వేడి పైకి పోజాలదు, మంచు గట్టిపడదు. అట్టి నాడు తెలిసినవారు బయలుదేరనే బయలుదేరరు.

మా చెల్లెలి కుమార్తె ఈ విద్యలో ఆరితేరినది. దానికి ఇరువదిమూడేండ్లు. మా చెల్లెలు సామాన్యురాలు కాదు. కంప్యూటరు సంస్థలో పదిమందిపై అధికారము చేయు విద్యావతి. స్త్రీ విద్యను గూర్చి, వరకట్నమును గూర్చి తెలుగు సంఘములలో నుపన్యాసము లిచ్చినది. అట్టి మనిషి, కూతురు జూలైలో స్కీలు భుజాన వేసికొనగానే, మా యమ్మమ్మ నోటినుండి రావలసిన మాటలాడెడిది.

"పెళ్ళి కావలసిన పిల్ల, అక్కా! ఆ ఎండకి మొహం మాడిపోయి, ఏ కాలో చెయ్యో విరిగితే రేపు ఎవరు చేసుకుంటారు? నువ్వైనా చెప్పవేం?"

ఈ మాటలలో రెండు భయములున్నవని పాఠకులు గమనింతురు గాక. కాలు విరుగునను భయము తల్లిభయము, అది న్యాయమైనది. ముఖము మాడునను భయము సంతబేరపు భయము. మనవారు ఈ రెంటిని ఒక్క మూటగా గట్టి ఆడపిల్లల యెదుట పెట్టుదురు. మూట విప్పి చూచిననాడు మొదటిదానికి సమాధానము చెప్పవచ్చును. రెండవదానికి సమాధానము చెప్పవలసిన పనియే లేదు.

ఆ కొండయే యొక కథ చెప్పును. 1890 ఆగష్టు 10 వ తేదీన ఫే ఫుల్లర్ అను ఇరువదియేండ్ల బడిపంతులమ్మ రెయినీర్ శిఖరము నెక్కెను. స్త్రీలలో నామెయే మొదటిది. ఆ దినములలో అచ్చటి స్త్రీలు నేలను జీరాడు లంగాలు విడిచి వీధిలోనికి వచ్చుట తప్పు. ఆమె నీలి ఫ్లానెలుతో చీలమండలదాక వచ్చు వదులైన లాగువంటి దుస్తు కుట్టించుకొని, మగపిల్లల బూట్లు తొడిగి, మంచుపై యెండ తళుకునకు విరుగుడుగా ముఖమునకు బొగ్గుమసి పూసికొని యెక్కెను. ఆ రాత్రి తోడివారితో గూడ శిఖరపు బిలములోనే గడపెను. దుస్తులు సభ్యముగా లేవని లోకులనిరి. మనము మసి తగులునని భయపడుచుండగా, ఆమె మసిని తానే పూసికొన్నది!

మన యింటి కథయు నొకటి లేకపోలేదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు జెందిన మాలావత్ పూర్ణ, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుకొనుచు, భువనగిరి బండపై శిక్షణ పొంది, 2014 మే 25 న పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరమున నిలిచెను. ఆమె తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. వారు బిడ్డను పంపగలిగిరి. ఈ సంగతి మా చెల్లెలితో నన్నప్పుడు ఆమె కోపగించుకొని రెండు దినములు నాతో మాటాడలేదు.

నేను స్వయముగా చూచి చెప్పవలెనని మూడు శీతకాలములు మేనత్త వయసులో నున్న స్త్రీలతో గలసి స్కీ నేర్చితిని. ఏబది దాటిన యెముకలకు తెలిసినంత తెలిసినది. జూలై నడుమ నొక అర్ధరాత్రి ఇద్దరమును బయలుదేరి, మూడుగంటలకు ప్యారడైస్ చేరి, నాలుగింట నడక మొదలిడితిమి. బండి దిగకమున్నే అది నాతో ననెను: "పదకొండున్నరకి ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కే, పెద్దమ్మా. ముందే చెప్తున్నా."

మాకు గమ్యము శిఖరము గాదు, మ్యూర్ క్యాంపు. 1888 లో జాన్ మ్యూర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఎక్కునప్పుడు విడిసిన తావది. 10,000 అడుగులకు కొంచెము పైని, రాతితో గట్టిన చిన్న కుటీరములున్నవి. మొదటి రెండుగంటలు స్కీలను వీపున మోసికొని మట్టిబాటను నడచితిమి. ఇరుప్రక్కల పచ్చిక, నీలపు పూలు, ఉడుతజాతి జంతువుల కూతలు. పెబుల్ క్రీక్ అను వాగు దాటినపిదప మంచుమైదానము మొదలగును. నూగుపట్టీలు తగిలించి యొక తీరున అడుగు వెంట అడుగు జార్చుకొనుచు పోతిమి.

ప్రొద్దుపొడుపున దక్షిణమున ఆడమ్స్, హుడ్ పర్వతములును, 1980 మే 18 న తల పగిలి మొండెమై మిగిలిన సెంట్ హెలెన్స్ పర్వతమును వరుసగా వెలిగినవి. పాదముల క్రిందనున్న దానిని చూచుటయే నాకు ఎక్కువ వింతయైనది. కొన్నిచోట్ల యెండకు మంచు గుంటలు గుంటలుగా కరగి, అచ్చముగా గుంతపొంగణాల పెనమువలె నుండెను. మరికొన్నిచోట్ల కుంకుమ చల్లినట్లు గులాబిరంగు చారలు. అది మంచులో బ్రతుకు నొకవిధమైన సూక్ష్మమైన నాచు. యెండనుండి తన్ను కాపాడుకొనుటకు ఎఱ్ఱని రంగును ధరించును. దానికిని మొహము మాడునను భయ మున్నదేమో!

పదిన్నర గంటలకు 9,500 అడుగుల యెత్తున నుంటిమి. రాతికుటీరపు కప్పు కంటికి కనబడుచుండెను. నా కాళ్ళలో నింకను సత్తువ యున్నది. అప్పుడది నిలిచి వెనుదిరిగి లోయవైపు చూచెను. నిస్క్వాలీ లోయనుండి మబ్బు మెల్లగా పైకి ప్రాకుచుండెను. నిశ్శబ్దముగా రెండుమూడు నిమిషములు చూచి, "ఇక వెనక్కి, పెద్దమ్మా" అనెను.

"ఇంకా గంట ఉందిగా? అదుగో, కనబడుతూనే ఉంది."

"పదకొండున్నర అన్నది మంచు కోసం. మబ్బు వస్తే గడువు అప్పుడే అయిపోయినట్టు."

ఆ మైదానమున మబ్బు క్రమ్మిన నేమగునో కుర్చీలో గూర్చుండి యూహింపజాలము. నేల తెలుపు, గాలి తెలుపు, ఆకాశము తెలుపు. తన స్కీకొన తనకే కనబడదు. పల్లమునుబట్టి దిగిన బాట దొరకునని తలతుము. కాని అచ్చటి పల్లము బాటవైపే తీసికొనిపోదు. ఒకప్రక్క నిస్క్వాలీ హిమానీనదపు బీటలవైపు, వేరొకప్రక్క ప్యారడైస్ హిమానీనదమువైపు లాగును. అందుకే అచ్చటి అధికారులు దిక్సూచితో లెక్కించి నడువవలసిన దిక్కుల పట్టికను యాత్రికుల కిత్తురు. అట్టి పొగలో దారితప్పి చనిపోయినవారు అనేకులు గలరు. మమ్ము దాటి యిద్దరు యువకులు కుటీరమువైపు పోయిరి. మా పిల్ల వారికి మబ్బును చూపినది. వారు తలయూచి సాగిపోయిరి. ఆ రాత్రి వారు కుటీరములోనే గడపి క్షేమముగా దిగిరని తరువాత తెలిసినది.

ఈ సందర్భమున సిగుర్డ్ హాల్ అను నార్వేదేశీయుని తలచుకొనక తప్పదు. 1939 జూలైలో స్కీలపై రెయినీర్ శిఖరమును చేరిన మొదటివాడాయన. పైభాగమున మంచు రాయివలె నుండుటచే శిఖరమునుండి స్కీలపై దిగుట మానుకొన్నాడు. శిఖరమునుండి మొదట స్కీలపై దిగినవారు మరి నలుగురు, 1948 జూలైలో. ఇంతటి నిదానము గల మనిషి 1940 లో, మ్యూర్ క్యాంపునుండి క్రిందికి జరుగు సిల్వర్ స్కీస్ అను పందెమున, పొగమంచులో వేగముగా దిగుచు రాళ్ళకు తగిలి మరణించెను. ఒంటరి కొండమీద తన వేళను తానే నిర్ణయించుకొన్నవానికి, పందెమున ఆ స్వాతంత్ర్యము లేకపోయెను. నాకు తోచినది ఇదియే. ఇంతకంటె దీనినుండి పిండుట తగదు.

నూగుపట్టీలను చరచర నూడబెరికి, మడమలు బిగించి, దిగితిమి. పై అంగుళము సరిగా వదులైనది. రవ్వ స్కీల క్రింద నుస్సుమని చెదరుచుండెను. నాలుగు గంటలు పైకి మోసిన దేహము అరగంటకు లోపల వాగుచేరెను. నడుమ నేను మూడుమార్లు పడితిని. ప్రతిమారును అది క్రింద నిలిచి, చేయి అందింపక, లేచువరకు చూచుచుండెను. వాగుదగ్గర స్కీలు విప్పునప్పటికి మబ్బు మా వెనుకనే వచ్చి మైదానమును మ్రింగివేసెను.

ఇల్లు చేరునప్పటికి చెల్లెలు వాకిటనే యున్నది. కుటీరము కంటికి కనబడుచుండగా పిల్ల వెనుదిరిగిన సంగతి నేను చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. కూతురి ముఖము నిజముగా మాడియే యుండెను. దానిని గూర్చి యేమియు ననలేదు. భోజనముల వేళ, మజ్జిగ వడ్డించుచు, కూతురినే చూచుచు నడిగినది: "ఆ పదకొండున్నర లెక్క ఎట్లా వేస్తావు? చెప్పు."

అది పళ్ళెములోనే అన్నపుకుప్పను కొండగా జేసి, ఎండ తిరుగు దిక్కును, వాలులను చూపుచు చెప్పసాగెను. చేయి ఎండిపోవువరకు చెప్పినది. ఆ మరుసటి జూలైలో వంటయింటి క్యాలెండరుమీద, ఆ తేదీ గడిలో, మా చెల్లెలి దస్తూరితో "బయలు 12, తిరుగు 11.30" అని వ్రాసియుండుట చూచితిని. ఫ్లాస్కులోనికి మిరియాలచారు పోయుచు, నిన్న రాత్రి మబ్బు పట్టెనా లేదా యని కూతురి నడుగుచుండెను.